పాత కంప్యూటర్‌లో కొత్త ర్యామ్ వేశారా? దాన్ని నమ్మే ముందు ఇలా పరీక్షించండి

మా ఇంట్లో 2012లో కొన్న డెస్క్‌టాప్ ఇంకా నడుస్తోంది. హెచ్61 చిప్‌సెట్ (బోర్డులోని భాగాల్ని కలిపే చిప్) ఉన్న మదర్‌బోర్డు, ఐ3-2120 ప్రాసెసర్, 4 జీబీ డీడీఆర్3 రకం ర్యామ్. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే మౌస్ కూడా కదిలేది కాదు. ఇంకో 4 జీబీ స్టిక్ కొని రెండో స్లాట్‌లో వేశాను. కంప్యూటర్ ఆన్ అయింది, విండోస్ 8 జీబీ చూపించింది, పని చకచకా సాగింది. ఇక చూసేదేముంది అనుకున్నాను.

మూడు వారాల తర్వాత మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్ ఫొటోలు తెరిచాం. కొన్ని సగం వరకూ బాగానే ఉన్నాయి, అక్కడి నుంచి కిందికి అంతా బూడిద రంగు పట్టీలు. ఫోన్‌లోంచి కంప్యూటర్‌లోకి, అందులోంచి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, ఫోన్‌లో ఖాళీ కోసం తీసేసిన ఫొటోలవి. హార్డ్ డిస్క్ పోయిందనుకుని దాని చుట్టూ వారం తిరిగాను. చివరికి ర్యామ్‌కి పరీక్ష పెడితే పది నిమిషాలు కాకముందే తెర మీద ఎర్ర వరసలు మొదలయ్యాయి.

ఏ ఫైల్‌ని కాపీ చేసినా అది ముందు ర్యామ్‌లోకి వచ్చి, అక్కడి నుంచే డిస్క్ మీదికి వెళ్తుంది. 4 జీబీ అంటే దాదాపు 3,436 కోట్ల బిట్లు. వాటిలో ఒక్కటి 1 దాస్తే 0 తిరిగిచ్చినా, ఇళ్లలో వాడే మామూలు ర్యామ్‌కి ఆ తప్పు తెలియదు. తప్పును పట్టే ఈసీసీ ఏర్పాటు సర్వర్లలో వాడే ర్యామ్‌లో ఉంటుంది, మన స్టిక్కుల్లో ఉండదు. ఆ పాడు బిట్ విండోస్ సొంత కోడ్‌కి తగిలితే బ్లూ స్క్రీన్ వస్తుంది. జిప్ ఫైల్‌కి తగిలితే అది తెరుచుకోదు. ఫొటోకి తగిలితే ఎవరికీ చెప్పకుండా పాడుచేస్తుంది. బ్లూ స్క్రీన్ వచ్చినవాళ్లే నయం, ఏదో తేడా ఉందని వాళ్లకి తెలుస్తుంది.

కొనే ముందు, కొన్నాక

డీడీఆర్2, డీడీఆర్3 రెండింటికీ 240 పిన్నులే, కానీ మధ్యలో ఉండే గాటు చోటు వేరు. ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పట్టదు, బలవంతం చేస్తే స్లాట్ విరుగుతుంది. డీడీఆర్4కి 288 పిన్నులు. మీ బోర్డుకి ఏది కావాలో తెలియకపోతే పాత స్టిక్ తీసి దుకాణానికి పట్టుకెళ్లండి. స్టిక్కర్ మీద పీసీ3-10600 అని ఉంటే 1333 స్పీడ్, పీసీ3-12800 అంటే 1600 స్పీడ్ డీడీఆర్3. రెండూ కలిపి వేస్తే రెండూ తక్కువ స్పీడ్‌తోనే నడుస్తాయి, అందులో తప్పేమీ లేదు.

పాత కంప్యూటర్ల వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇంకో రెండు చోట్ల. మొదటిది, కోర్ 2 డుయో కాలం నాటి జీ41 చిప్‌సెట్ బోర్డులు. వీటిలో చాలావాటికి డీడీఆర్3 స్లాట్లే ఉంటాయి, కానీ 4 జీబీ స్టిక్ మీద రెండు వైపులా కలిపి 16 చిప్‌లు ఉంటేనే తీసుకుంటాయి. ఒకే వైపు 8 చిప్‌లున్న 4 జీబీ స్టిక్ వేస్తే ఆన్ కాకపోవచ్చు, లేదా సగమే కనబడొచ్చు. స్టిక్ పాడైందనుకుని తిరిగిస్తారు, నిజానికి ఆ బోర్డుకి అది సరిపోలేదంతే. రెండోది, ‘ఏఎండీకి మాత్రమే’ అని చాలా చవగ్గా అమ్మే డీడీఆర్3 స్టిక్కులు. వాటి లోపల చిప్‌ల అమరిక వేరుగా ఉంటుంది, ఇంటెల్ డెస్క్‌టాప్‌లకి అవి పనికిరావు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, మీ ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్ కొన్నా, ‘టెస్టింగ్‌కి ఎన్ని రోజులిస్తారు?’ అని ముందే అడిగి బిల్లు మీద రాయించుకోండి. వారం రోజులుంటే చాలు. స్టిక్కర్ మాత్రం పీకొద్దు, వారంటీ పోతుంది.

ఇంకోటి, చాలామంది వదిలేసేది: కొత్త స్టిక్ వేయకముందే పాత ర్యామ్‌కి ఒక్కసారి పరీక్ష పెట్టండి. పద్ధతి కింద వస్తుంది. పదేళ్ల స్టిక్‌లోనే తప్పుంటే, ఆ నింద కొత్తదాని మీద పడుతుంది. అలాగే పరీక్షలన్నీ పూర్తయ్యేదాకా ముఖ్యమైన ఫైళ్లు ఆ కంప్యూటర్ గుండా కాపీ చేయకండి, ఉన్న బ్యాకప్‌ని తిరగరాయకండి.

వేసేటప్పుడు

విండోస్ 10లో మామూలుగా షట్ డౌన్ కొడితే అది పూర్తిగా ఆగదు, ఫాస్ట్ స్టార్టప్ కోసం కొంత స్థితిని డిస్క్ మీద దాచుకుంటుంది. ర్యామ్ మార్చేటప్పుడు షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్ డౌన్ కొట్టండి. తర్వాత ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా) స్విచ్ ఆపి, కరెంటు వైరు పూర్తిగా పీకి, పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి ఉంచండి. బోర్డు మీద చిన్న లైటు వెలుగుతుంటే అది ఆరిపోవాలి.

క్యాబినెట్‌ని పక్కకి పడుకోబెట్టండి. నిలబెట్టి స్టిక్ నొక్కితే బోర్డు వంగుతుంది. ఒంటి మీద స్టాటిక్ కరెంటు పోవడానికి క్యాబినెట్‌లో రంగు వేయని ఇనుప భాగాన్ని తాకండి, మధ్యమధ్యలో మళ్లీ తాకుతూ ఉండండి. స్లాట్లలో దుమ్ముంటే మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి, నోటితో ఊదితే తుంపరలు పడతాయి. పాత స్టిక్ పిన్నులు నల్లబడి ఉంటే మెత్తని పెన్సిల్ రబ్బరుతో తేలిగ్గా ఒకే దిశలో రుద్ది, రబ్బరు పొట్టు ఒక్కటి కూడా మిగలకుండా తుడవండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటే అదే మేలు.

క్లిప్పులు తెరిచి, గాటు సరిచూసుకుని, రెండు బొటనవేళ్లతో రెండు చివరలా సమానంగా నొక్కండి. టక్ మని క్లిప్పులు వాటంతటవే మూసుకోవాలి. కొన్ని బోర్డుల్లో ఒకవైపే క్లిప్ ఉంటుంది, అలాంటప్పుడు రెండోవైపు పూర్తిగా దిగిందో లేదో కంటితో చూడాలి. నాలుగు స్లాట్లుంటే ఏవి జతో మాన్యువల్ చూడండి. చాలా బోర్డుల్లో ఒకే రంగు స్లాట్లు ఒక జత, రెండు స్టిక్కులూ ఆ జతలో ఉంటేనే డ్యుయల్ ఛానెల్ (రెండిటితో ఒకేసారి డేటా నడిపే పద్ధతి) పనిచేస్తుంది.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు

ఒకటి రెండుసార్లు తనంతట తానే ఆగి మళ్లీ మొదలైతే టెన్షన్ పడొద్దు, కొన్ని బోర్డులు కొత్త ర్యామ్‌ని అలాగే సర్దుకుంటాయి. ఒక నిమిషం ఆగండి. కంపెనీ ఆఫీసుల్లో వాడి అమ్మేసిన డెల్ ఆప్టిప్లెక్స్‌లలో మెమరీ సైజు మారిందని ఒక హెచ్చరిక వస్తుంది. అది తప్పు కాదు, తెరమీద చెప్పిన కీ నొక్కి ముందుకెళ్లండి.

తెర నల్లగానే ఉండి, స్పీకర్ ఆగి ఆగి పొడుగ్గా మోగుతుంటే ర్యామ్ కనబడలేదని అర్థం. బీప్‌ల లెక్క బయాస్‌ని (విండోస్ కన్నా ముందే మొదలయ్యే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) బట్టి మారుతుంది, చాలా అసెంబుల్డ్ కంప్యూటర్లలో స్పీకరే ఉండదు. అందుకే బీప్‌లు లెక్కపెట్టే కన్నా స్టిక్ తీసి మళ్లీ గట్టిగా దించడం ముందు చేయండి, ఎక్కువసార్లు దాంతోనే తీరిపోతుంది. తీరకపోతే కొత్త స్టిక్ ఒక్కటే మొదటి స్లాట్‌లో వేసి చూడండి. అప్పటికీ కాకపోతే వైరు పీకి, బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెట్టండి. బయాస్ పాత లెక్కలు మర్చిపోతుంది. తేదీ కూడా మర్చిపోతుంది కాబట్టి ఆన్ అయ్యాక సరిచేయండి, లేకపోతే వెబ్‌సైట్లు భద్రత లేదంటూ తెరుచుకోవు.

ఆన్ అయ్యాక విండోస్‌కి వెళ్లకుండా డిలీట్ లేదా ఎఫ్2 నొక్కి బయాస్‌లో మొత్తం మెమరీ ఎంత చూపిస్తోందో చూడండి. అక్కడ 4 జీబీయే కనబడితే విండోస్‌లో ఎంత వెతికినా లాభం లేదు.

విండోస్‌లో లెక్క

బయాస్‌లో 8 ఉండి విండోస్‌లో తక్కువ ఉంటే ముందు 32 బిట్ విండోసేమో చూడండి. 32 బిట్ డెస్క్‌టాప్ విండోస్ 4 జీబీ దాటి వాడుకోలేదు, అందులోనూ వాడకానికి మిగిలేది తరచూ మూడున్నర లోపే. ర్యామ్ తప్పు లేదు, 64 బిట్‌కి మారాలి. 64 బిట్‌లోనే తక్కువ చూపిస్తుంటే రన్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి, మాక్సిమమ్ మెమరీ పక్కన టిక్ ఉంటే తీసేయండి. స్పీడ్ పెరుగుతుందని విని చాలామంది ఆ టిక్ పెట్టుకుంటారు, అది చేసేది మెమరీకి పరిమితి పెట్టడం ఒక్కటే. బోర్డులోని గ్రాఫిక్స్ కొంత వాటా తీసుకోవడం మాత్రం మామూలే.

టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్, మెమరీ చూస్తే ఎన్ని స్లాట్లు వాడకంలో ఉన్నాయో, స్పీడ్ ఎంతో తెలుస్తుంది. ఇంకా వివరంగా కావాలంటే సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో ఎస్‌పీడీ ట్యాబ్‌లో ఒక్కో స్లాట్‌లో ఉన్న స్టిక్ తయారీదారు, పార్ట్ నంబర్, సైజు కనబడతాయి. బయటి స్టిక్కర్‌తో అవి కలవకపోతే దుకాణంలో అడగాల్సిందే. మెమరీ ట్యాబ్‌లో ఫ్రీక్వెన్సీ 665 అని ఉంటే కంగారుపడకండి. డీడీఆర్ ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపుతుంది, 665ని రెట్టింపు చేస్తే అదే మీ 1333. మా ఐ3-2120 గరిష్ఠంగా 1333కే మద్దతిస్తుంది కాబట్టి 1600 స్టిక్ వేసినా అంతే చూపించింది.

ఇక్కడిదాకా తేలింది సైజు, స్పీడ్ మాత్రమే. పాడైన స్టిక్ కూడా ఈ పరీక్షలన్నీ దాటేస్తుంది. మాది దాటింది.

అసలు పరీక్ష: రాత్రంతా మెమ్‌టెస్ట్

విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ ఉంది. స్టార్ట్ మెనూలో ఆ పేరుతో వెతికి నడపవచ్చు, రీస్టార్ట్ అయి పరీక్షిస్తుంది. మొదలవగానే ఎఫ్1 నొక్కి ఎక్స్‌టెండెడ్ ఎంచుకోండి. అది తప్పు చూపిస్తే నమ్మండి. తప్పు లేదంటే మాత్రం అక్కడితో ఆగొద్దు, దాని పరీక్ష అంత లోతుకి వెళ్లదు.

నేను నమ్మేది మెమ్‌టెస్ట్86 ప్లస్. ఉచితం, ఓపెన్ సోర్స్. దాదాపు ఇదే పేరుతో పాస్‌మార్క్ వాళ్ల మెమ్‌టెస్ట్86 కూడా ఉంది. అదీ మంచిదే, కానీ దాని కొత్త వెర్షన్లకి యూఈఎఫ్ఐ (బయాస్ స్థానంలో వచ్చిన కొత్త రకం) ఉండాలి, ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌లతో (నాలుగు రౌండ్లతో) ఆగిపోతుంది. ప్లస్ వెర్షన్ 6 నుంచి పాత బయాస్ మీదా, యూఈఎఫ్ఐ మీదా నడుస్తుంది కాబట్టి పాత కంప్యూటర్లకి ఇదే తేలిక.

మెమ్‌టెస్ట్ డాట్ ఆర్గ్ నుంచి విండోస్ యూఎస్‌బీ ఇన్‌స్టాలర్ దించుకోండి. వీలైతే ఈ పని వేరే కంప్యూటర్‌లో చేయండి, అనుమానం ఉన్న ర్యామ్‌తోనే పరీక్ష సాఫ్ట్‌వేర్ తయారు చేసుకోవడం మంచిది కాదు. పాత చిన్న పెన్‌డ్రైవ్ చాలు, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఆన్ చేయగానే బూట్ మెనూ కీ నొక్కాలి. గిగాబైట్ బోర్డుల్లో, డెల్‌లో ఎఫ్12, ఆసుస్ బోర్డుల్లో ఎఫ్8, ఎంఎస్ఐలో ఎఫ్11, హెచ్‌పీలో తరచుగా ఎఫ్9. జాబితాలో పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే పరీక్ష దానంతటదే మొదలవుతుంది.

ఈ సాఫ్ట్‌వేర్ మెమరీలో రకరకాల అంకెల వరసలు రాసి, తిరిగి చదివి, రాసిందే వచ్చిందా అని చూస్తుంది. అన్నీ 0, అన్నీ 1, తిరగేసినవి, యాదృచ్ఛికమైనవి, ఇలా ఒక్కో పరీక్ష ఒక్కో రకం. కొన్ని బిట్లు ఒంటరిగా బాగానే ఉంటాయి, పక్క బిట్ మారినప్పుడే తడబడతాయి. ఇన్ని రకాలు అందుకే. చివర్లో వచ్చే బిట్ ఫేడ్ పరీక్ష మెమరీని నింపి, కాసేపు కదపకుండా వదిలేసి, తర్వాత చదువుతుంది. అప్పుడు కంప్యూటర్ ఆగిపోయినట్టు అనిపిస్తుంది, ఆపేయకండి.

అన్ని పరీక్షలూ ఒకసారి పూర్తయితే ఒక పాస్. తప్పులేమీ లేకుండా పూర్తయితే పెద్దక్షరాల్లో పాస్ అని వస్తుంది. చాలామంది అది చూసి ఆపేస్తారు. నిజానికి మొదటి పాస్‌లో ఈ సాఫ్ట్‌వేర్ కావాలనే పరీక్షల్ని తగ్గించి త్వరగా ముగిస్తుంది, పూర్తి బలంతో నడిచేది రెండో పాస్ నుంచి. కనీసం నాలుగు పాస్‌లు కానివ్వండి. మా 8 జీబీకి ఒక్కో పాస్‌కి గంటన్నర దాకా పట్టింది. రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టి పొద్దున చూడటమే నా పద్ధతి. మానిటర్ ఆపేసినా ఫర్వాలేదు. మధ్యలో కరెంటు పోయినా నష్టం లేదు, ఈ పరీక్ష మీ హార్డ్ డిస్క్ జోలికి వెళ్లదు. మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి, అంతే.

క్యాబినెట్ తలుపు మూసి, మామూలుగా వాడే చోటే పెట్టి పరీక్షించండి. వేడెక్కాకే తడబడే స్టిక్కులుంటాయి. డిసెంబరు రాత్రి నెగ్గిన స్టిక్‌కి మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో ఇంకోసారి పరీక్ష పెట్టడం మన ఊళ్లలో అవసరమే.

ఎర్ర వరసలు వస్తే

ఒక్క తప్పు కూడా లెక్కే. ‘ఎనిమిది జీబీలో ఒక్క బిట్టేగా’ అని వదిలేయొద్దు, మా ఫొటోలు అలాగే పోయాయి. తెరని ఫోన్‌తో ఫొటో తీసి, కంప్యూటర్ ఆపి, ఒక్కో స్టిక్‌నీ విడిగా పరీక్షించండి.

కొత్త స్టిక్ ఒక్కటే మొదటి స్లాట్‌లో వేయండి. తప్పులొస్తే, అదే స్లాట్‌లో పాతది వేసి చూడండి. పాతదానికి రాకపోతే దొంగ దొరికినట్టే. అదే చిరునామా (మెమరీలో ఒక చోటుకి ఉండే నంబరు) దగ్గర మళ్లీ మళ్లీ తప్పు రావడం కూడా సాధారణంగా స్టిక్ పాడైందనడానికి గుర్తు. కొత్త స్టిక్ మొదటి స్లాట్‌లో శుభ్రంగా నెగ్గి, రెండో స్లాట్‌లో తప్పులు చూపిస్తే, పాతదాన్ని కూడా రెండో స్లాట్‌లో వేసి చూడండి. రెండూ అక్కడే తప్పితే లోపం స్లాట్‌లోనో బోర్డులోనో ఉంది, స్టిక్ మార్చినా ఉపయోగం ఉండదు.

విసుగు పుట్టించేది మూడో రకం. విడివిడిగా రెండూ నెగ్గుతాయి, కలిపితే తప్పులొస్తాయి. రెండు స్టిక్కుల టైమింగ్‌లు (జవాబివ్వడానికి పట్టే సమయాల లెక్కలు) కలవనప్పుడు ఇలా జరుగుతుంది. బయాస్‌లో మెమరీ స్పీడ్‌ని 1333 నుంచి 1066కి తగ్గించి మళ్లీ పరీక్షించండి. నెగ్గితే అలాగే వాడుకోండి, రోజువారీ పనుల్లో ఆ తేడా మీకు తెలియదు. తగ్గించినా నెగ్గకపోతే ఆ రెండిటికీ పొసగదు, పాతదాని రకానికే దగ్గరగా ఉండే స్టిక్ వెతకాలి.

తప్పులు ఒక చోట నిలవకుండా ప్రతిసారీ కొత్త చిరునామాల్లో వస్తుంటే ర్యామ్‌ని దాటి కూడా చూడాలి. స్లాట్ల పక్కన పైభాగం ఉబ్బిన కెపాసిటర్లు (చిన్న డబ్బాల్లాంటి గుండ్రటి భాగాలు) ఉన్నాయా? ఎస్‌ఎంపీఎస్ ఎన్నేళ్లది? వేరే ఎస్‌ఎంపీఎస్ అరువు తెచ్చి పెట్టి చూడండి. కోర్ 2 డుయో కాలంలో మెమరీని నడిపే కంట్రోలర్ బోర్డు మీది చిప్‌లో ఉండేది. ఐ3, ఐ5లు వచ్చాక అది ప్రాసెసర్ వైపు చేరింది. అందుకే మా లాంటి బోర్డుల్లో ప్రాసెసర్ కింద సాకెట్‌లో ఒక పిన్ను వంగినా ఒక స్లాట్ మొత్తం కనబడకుండా పోవచ్చు. ఈ మధ్యే ఎవరైనా ప్రాసెసర్ ఫ్యాన్ విప్పి, దాని కింద పూసే పేస్ట్ మార్చి ఉంటే ముందు అనుమానించాల్సింది అదే. ఆ పిన్నులు సరిచేయడం మాత్రం చేయి తిరిగినవాళ్లకే వదిలేయండి.

దుకాణానికి వెళ్లేటప్పుడు స్టిక్, బిల్లు, తెర ఫొటో, మెమ్‌టెస్ట్ పెన్‌డ్రైవ్ నాలుగూ పట్టుకెళ్లండి. వాళ్ల కంప్యూటర్‌లో వేసి ఆన్ చేసి ‘బాగానే ఉంది కదా’ అంటారు. మీ పెన్‌డ్రైవ్‌తో వాళ్ల ముందే పరీక్ష నడపమని అడగండి. నాకు మార్చి ఇచ్చింది అది చూశాకే. మార్చి ఇచ్చిన స్టిక్‌కి కూడా మళ్లీ రాత్రంతా పరీక్ష పెట్టాలి.

మెమరీ బాగయ్యాక మిగిలే పని

డిస్క్ చెక్, సిస్టమ్ ఫైల్ చెకర్ లాంటివి పాడు ర్యామ్ ఉండగా నడపకండి. అవి డిస్క్ మీద ఉన్నదాన్ని ర్యామ్‌లోకి తెచ్చి సరిచేస్తాయి. ర్యామే అబద్ధం చెబుతుంటే బాగున్న ఫైళ్లని కూడా చెడగొట్టవచ్చు. స్టిక్ మారి, నాలుగు పాస్‌లు నెగ్గాక ఆ రెండూ ఒకసారి నడపండి.

ఆ తర్వాత విండోస్‌లో ఒక చిన్న పరీక్ష: రెండు మూడు జీబీల వీడియో ఫైల్ ఒకటి తీసుకుని, 7-జిప్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటే దాని రైట్ క్లిక్ మెనూలో ఎస్‌హెచ్ఏ-256 లెక్క (ఫైల్‌కి వేలిముద్ర లాంటి సంఖ్య) చూడండి. ఆ ఫైల్‌ని ఇంకో ఫోల్డర్‌లోకి కాపీ చేసి, రీస్టార్ట్ చేసి, కాపీకి అదే లెక్క చూడండి. రెండు అంకెలూ అక్షరం తేడా లేకుండా కలవాలి. ఇలా నాలుగైదు సార్లు కలిస్తే ఇక ఆ కంప్యూటర్ గుండా మీ ఫైళ్లు పంపవచ్చు.

స్టిక్ పాడై ఉన్న రోజుల్లో కాపీ చేసినవన్నీ తేదీ ప్రకారం వేరు చేసుకోండి. జిప్ ఫైళ్లని 7-జిప్‌లో టెస్ట్ ఆప్షన్‌తో పరీక్షించవచ్చు, ఫొటోలని మాత్రం ఒక్కొక్కటీ తెరిచి చూడాల్సిందే. మూల కాపీ ఫోన్‌లోనో కెమెరా కార్డులోనో ఉంటే, చెరిపే ముందు అక్కడి నుంచే మళ్లీ తెచ్చుకోండి. మా ఫంక్షన్ ఫొటోల్లో పాడైనవి కొన్ని బావగారి వాట్సాప్‌లో చిన్న సైజులో దొరికాయి. మిగతావి ఎక్కడా లేవు.